చిలమత్తూరు వాన

రంజాన్ బీ ఖాకీ సంచీని మళ్లీ చాప మీద బోర్లించింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. రెండు చొక్కాలు, ఒక పంచె, తువ్వాలు, సబ్బుబిళ్ల, బొరుగులూ వేయించిన వేరుశనగ విత్తనాలూ కలిపి కట్టిన మూట బయటపడ్డాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టి, మళ్లీ లోపల పెట్టసాగింది. మొదటిసారి సర్దినప్పుడు సబ్బు మరిచిపోయానేమోనని అనుమానం. రెండోసారి సబ్బు బట్టలకు అంటుకుంటుందేమోనని. ఇప్పుడు ఏ అనుమానమూ లేదు, అయినా చేతులు ఊరుకోలేదు.

సంచీ ఆమెది కాదు, ప్రయాణమూ ఆమెది కాదు. ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల గదిలో ఆరేళ్లుగా ఉంటున్న తిప్పయ్యది. ఇరవై ఎనిమిదేళ్లవాడు. నూనె మిల్లులో కాటా దగ్గర వేరుశనగ బస్తాలు తూచే పని చేసేవాడు. మూడేళ్లుగా చేలల్లో కాయ లేదు. ఉగాది దాటగానే మిల్లు తలుపులు మూశారు. బెంగుళూరులో ఒక పెద్ద స్టూడియోకు చీకటి గదిలో పనిచేసే మనిషి కావాలని విని ఉత్తరం రాస్తే, సొంతంగా తీసిన ఫొటోలు మూడు పట్టుకుని సోమవారం పొద్దున రమ్మని జవాబు వచ్చింది. ఇవాళ ఆదివారం. సాయంత్రం రైలు.

తిప్పయ్య గుమ్మం బయట నిలబడి సంచీకేసి చూశాడు.

"బీబమ్మా, నేను పోయేది బెంగుళూరికి. మక్కాకు కాదు."

"గమ్మునుండప్పా. నిమ్మకాయ ఊరగాయ పెట్టాల్నా వద్దా అని చూస్తాండా."

"అది కారితే ఫొటోలు పోతాయి. ఫొటోలు పోతే నేనూ పోయినట్లే."

ఆమె చెయ్యి ఆగింది. జాడీ తీసి, ఎవరో లాక్కుంటారన్నట్టు దూరంగా అలమర పై అరలో పెట్టింది.

ప్రయాణాలంటే ఆమెకు భయం. చాలా ఏళ్ల కిందట అన్న మీరా హుస్సేన్ బొంబాయిలో బట్టల మిల్లుకు పోయేటప్పుడు లేపాక్షిలో వాళ్ల ఇంటి వసారాలో ఇలాగే కూర్చుని సంచీ సర్దింది. దువ్వెన పెట్టడం మరిచిపోయింది. ఆర్నెల్లకు వస్తానన్నవాడు రాలేదు. దువ్వెన కోసం ఎవరూ ఇంటికి రావడం మానరని ఆమెకు తెలుసు. తెలిసినా, అప్పటి నుంచి ఎవరి సంచీ అయినా ఒక్కసారితో ఆమె చేయి వదిలేది కాదు.

ఫొటోలు విడిగా ఉన్నాయి. ఫొటో కాగితాలు వచ్చే పాత అట్టపెట్టెలో, తెల్ల కాగితం మడతల మధ్య. మొదటిది లేపాక్షి బసవన్న. రెండోది తిప్పయ్య తల్లి నల్లమ్మ, విస్తరాకులు కుడుతూ. మూడోది చిలమత్తూరు సంతది. ఆ మూడోదాని మీద రంజాన్ బీ బుధ, గురు, శుక్రవారాలు మూడు రోజులు కూర్చుని పనిచేసింది. పెట్టె మూత ఎత్తి చూడాలనిపించింది కానీ, చేతుల చెమట అంటుతుందని చూడలేదు.

ఆమె చేసేది టచింగ్ పని. భర్త కరీం సాబ్‌ది హిందూపురం బజారు వీధిలో స్టూడియో. ముందు గది స్టూడియో, వెనక గది ఇల్లు, మధ్య నీలం రంగు పరదా. వెనక గది తూర్పు కిటికీ కింద వాలుగా పెట్టిన ఒక చెక్కపలక, దాని ముందు ముక్కాలి పీట. ఈ ఊళ్లో దుమ్ముకు తలుపులు అడ్డం కావు. చీకటి గదిలోకి దూరుతుంది, నెగటివ్ మీద కూర్చుంటుంది, ప్రింటులో పెళ్లికూతురి ముక్కు మీద తెల్లచుక్కగా తేలుతుంది. ఆ చుక్కను, చుట్టూ ఉన్న నలుపుకు సరిపోయే సిరాతో పూడ్చడమే ఆమె పని. తుమ్మబంక నీళ్లలో సిరా కలిపి, పలుచన చేసి, ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఒక చుక్క పెట్టి రంగు సరిచూసుకుంటుంది. కుంచె మొనను పెదవుల మధ్య పెట్టి సన్నం చేస్తుంది. అందుకే ఆ గోరెప్పుడూ బూడిద రంగులో ఉంటుంది, నాలుక చివర ఎప్పుడూ కొంచెం చేదు.

ఆమె తండ్రి గిన్నెలకు కళాయి పూసేవాడు. పద్నాలుగేళ్లకు కరీం సాబ్‌ను చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. మొదట్లో ఆయన పక్కన కూర్చుని దీపం పట్టింది. తర్వాత సిరా కలిపింది. పదకొండేళ్ల కిందట ఆయన కళ్లల్లో పాలపొర మొదలైనప్పుడు, ఒకరోజు కుంచె ఆమె చేతికిచ్చి, "ఇంగ నువ్వే చూసుకో" అన్నాడు. అంతే. ఫొటోల వెనక రాసి ఉన్న పేర్లూ తేదీలూ చూసి చూసి చదవడం కూడా తనంతట తానే నేర్చుకుంది. ఇప్పుడు పొట్లాల కాగితాలను కూడా విప్పి చదివిగానీ పారెయ్యదు.

ఈ పనికి మెప్పు ఉండదు. బాగా చేస్తే చేసినట్టే కనిపించదు. ఎవరైనా ఫొటో చూసి 'టచింగ్ బాగుంది' అన్నారంటే ఎక్కడో చెయ్యి కనిపించిందన్నమాట. అందుకని ఆమె ఎదురుచూసే మెప్పల్లా, ఎవరూ ఏమీ అనకపోవడమే.

ఆ మెప్పు కోసం ఆమె ఆదివారాలు కాచుకునేది. ప్రతి ఆదివారం పొద్దున ముందు గదిలో ముగ్గురు చేరేవారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పే శ్రీరంగప్ప, పోస్టాఫీసులో పనిచేసే సుబ్బన్న, తిప్పయ్య. ముగ్గురికీ కెమెరాలున్నాయి, ముగ్గురికీ అది బతుకుతెరువు కాదు. కరీం సాబ్ పెద్దరికం. వారంలో వేసుకున్న ప్రింటును బల్ల మీద పరిచి, పైన ఒక గాజు పలక పెట్టేవారు. సుద్దముక్క చేతులు మారేది. ఎవరికి ఎక్కడ లోపం కనిపిస్తే వారు అక్కడ గాజు మీద గుర్తు పెట్టాలి. ఇక్కడ కత్తిరించాలనో, ఇక్కడ నలుపు చాలలేదనో చెప్పాలి. ఫొటో తీసినవాడు అందరూ అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఆఖరున సుద్ద అతని చేతికి వస్తుంది. గాజు మీద ఒక్క గీతా పడని ఫొటో 'పాసయినట్టు'. అలాంటిది ఏడాదికి ఒకటో రెండో.

రంజాన్ బీ పరదా ఇవతల కూర్చుని వినేది. పరదా అంచుకూ గోడకూ మధ్య అరచెయ్యి సందు. అందులోంచి బల్లా, గాజూ, సుద్ద పట్టుకున్న చేతులూ కనిపించేవి. ఎవరి చెయ్యి ఎవరిదో గోళ్లను బట్టి ఆమెకు తెలుసు.

ఈ ఆదివారం కూడా వారు వచ్చారు. సుబ్బన్న గొంతు ముందుగా వినిపించింది.

"ఏమప్పా, కాబోయే బెంగుళూరు సాబూ, మమ్మల్ని మరిచిపోతావా?"

"ముందు పని దొరకనీ అన్నా."

"దొరకతాదిలే. అయితే ఆ బసవన్నను మాత్రం చూపీకు. ఈ జిల్లాలో కెమెరా కొన్న ప్రతివాడూ ఫస్టు ఆయన్నే తీస్తాడు. ఆ నంది ఇంగ విసుగుపుట్టి లేచిపోతాది ఒగరోజు."

"సుబ్బన్నా," అన్నాడు శ్రీరంగప్ప, "చూసేది చూడు. రైలుకు టైము అవుతాది."

బసవన్న మీద మూడు గుర్తులు పడ్డాయి. నల్లమ్మ మీద రెండు. వెనక గోడ మరీ తెల్లగా ఉందని శ్రీరంగప్ప, ఆమె చేతులు కింద కత్తిరించకుండా ఉండాల్సిందని సుబ్బన్న. తిప్పయ్య తల ఊపాడు. తర్వాత చిలమత్తూరు సంత బల్ల మీదికి వచ్చింది.

తిప్పయ్య ఆ ప్రింటును చూసి ఐదు రోజులయింది. తల్లికి చెప్పి రావడానికి మంగళవారం ఊరికి పోయి, నిన్న పొద్దుగుంకాక వచ్చాడు. పోయేముందు కరీం సాబ్‌కు ఇచ్చి, పైభాగంలో రెండు మూడు దుమ్ముచుక్కలున్నాయని చెప్పాడు. కరీం సాబ్ బుధవారం దాన్ని పరదా లోపలికి అందిస్తూ, "తిప్పయ్యది. మచ్చలుండాయంట. శుభ్రంగా తీసెయ్" అన్నాడు. ఆయన కళ్లకు ఆ కాగితం బూడిదరంగు మసకే.

రంజాన్ బీ చూసిన కాగితంలో మచ్చలు రెండు మూడు కావు. నెగటివ్ నిండా వెంట్రుకలు అంటుకున్నట్టుంది. సన్నటి తెల్లగీతలు, ఏటవాలుగా, పైనుంచి కిందిదాకా, మనుషుల ముఖాల మీద, అంగళ్ల నల్లటి గుమ్మాల మీద. ఇంత పాడైన నెగటివ్‌ను ఆమె ఎన్నడూ చూడలేదు. దాన్ని మళ్లీ ప్రింటు వేద్దామన్నా వీలులేదు. రెండో ప్రింటుకని తిప్పయ్య ఆ నెగటివ్‌ను మళ్లీ కడగబోతే, ఎండకు కాగిన నీళ్లలో దాని మీది పొర పాల మీద మీగడలా జారిపోయింది. ఉన్నది ఈ ఒక్క కాగితమే. పాపం, ఈ అబ్బోడి బతుకంతా ఈ కాగితం మీద ఉందే అనుకుని కూర్చుంది. మూడు రోజులు. ఒక్కో గీతా, ఒక్కో గీతా. మెడ పట్టేసింది, కళ్లు నీళ్లు కారాయి. శుక్రవారం మధ్యాహ్నానికి ఆకాశం తుడిచిన అద్దంలా అయింది. ఇంత శుభ్రమైన పని తన చేతి నుంచి ఎన్నడూ రాలేదనుకుంది.

శ్రీరంగప్ప చాలాసేపు వంగి చూశాడు. సుద్ద తీసుకోలేదు.

"నాకు గుర్తు పెట్టేదానికి ఏమీ లేదప్పా. ఒగ మచ్చ లేదు. ఆ గుమ్మాల నలుపు చూడు, ఎంత లోతుగా ఉండాదో."

పరదా వెనక రంజాన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చూడలేను గానీ," అన్నాడు కరీం సాబ్, "మాస్టరు పాసంటే పాసే."

సుబ్బన్న చెయ్యి గాజు మీదికి వచ్చి అటూ ఇటూ తిరిగింది.

"అంతా బాగుండాది. నాకు ఒగటే అర్థం కాలే. వీళ్లంతా ఎందుకప్పా పరిగెత్తతాండారు? ఎద్దు ఏమన్నా తప్పించుకున్యాదా సంతలో?"

"బస్సు కోసమేమో," అన్నాడు శ్రీరంగప్ప.

రంజాన్ బీ కూడా అలాగే అనుకుంది. బస్సు కోసమే పరిగెత్తుతున్నారని. చాట నెత్తిన పెట్టుకున్న ఆమె ఎండకు పెట్టుకుందని. గోనెసంచి కప్పుకున్నవాడు ఖాళీ సంచి మోస్తున్నాడని.

"బస్సుకోసమైతే ఏడుస్తా పోతారు గదా," అన్నాడు సుబ్బన్న. "ఈ యమ్మను చూడు. పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతాండాది. ఈ ముసలాయనా అంతే. బస్సు పోతాంటే నవ్వేవాళ్లను నేను యాడా చూడలే."

సుద్ద టక్కుమని గాజుకు తగిలింది. నవ్వుతున్న ఆమె ముఖం చుట్టూ చిన్న సున్నా పడింది.

ఆ నవ్వు రంజాన్ బీకి తెలుసు. గురువారం ఆ చెంప మీది గీత పూడుస్తున్నప్పుడు, ఎందుకింత నవ్వుతోందీమె అని ఒక క్షణం అనుకుంది. తర్వాత పక్క గీతకు పోయింది.

"తిప్పయ్య వంతు," అన్నాడు కరీం సాబ్.

తిప్పయ్య సుద్ద తీసుకున్నాడు. అతని వేళ్లు గాజు మీద కాసేపు ఊరికే ఉన్నాయి. తర్వాత పై అంచున మొదలుపెట్టి, ఏటవాలుగా, ఒక సన్నటి గీత గీశాడు. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. తొందరలేకుండా, గాజంతా నిండేలా గీసుకుంటూ పోయాడు. సుద్దపొడి చారలు పైనుంచి కిందికి దిగాయి.

సంతలో వాన పడసాగింది.

చాట నెత్తిన పెట్టుకున్న ఆమె వానకు పెట్టుకుంది. గోనెసంచి కప్పుకున్నవాడు తల తడవకుండా ముసుగేసుకున్నాడు. నేల మీద మెరుస్తున్నది ఎండ కాదు, నీళ్లు. మూడేళ్ల తర్వాత ముఖాల మీద పడ్డ చినుకులకు అందరూ నవ్వుతూ పరిగెత్తుతున్నారు.

సుబ్బన్న గొంతు తగ్గించి, "ఓరి నీ..." అని ఆపేశాడు.

"చిలమత్తూరులో ముంగారు తొలివాన పడిన రోజు," అన్నాడు తిప్పయ్య. "కాఫీ హోటలు చూరు కింద నిలబడి తీసినా. పావుగంట పడింది." తర్వాత అరచేత్తో గాజు తుడిచేశాడు. వాన పోయింది. "ఫర్వాలేదులే అన్నా. ఇట్ల కూడా బాగుండాది. సంత సంతే గదా."

ఆ 'ఫర్వాలేదు' ఎవరి కోసమో రంజాన్ బీకి తెలుసు. పరదా వెనక తను ఉన్నానని తెలిసి అన్న మాట అది.

ఆ రోజు చిలమత్తూరు పక్క నాలుగు చినుకులు పడ్డాయని ఆమె చెవినా పడింది. హిందూపురంలో మబ్బు కూడా రాలేదు. పైగా వానను ఫొటో తీస్తారని ఆమెకు తెలియదు. నల్లమబ్బు కనిపిస్తే చాలు, కరీం సాబ్ కెమెరాను దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టేవాడు. ఇన్నేళ్లలో ఆమె చేతి కిందికి పెళ్లిళ్లు వచ్చాయి, చావులు వచ్చాయి, పిల్లలు వచ్చారు. వాన ఎప్పుడూ రాలేదు. తెల్లగీత కనిపిస్తే వెంట్రుక. అంతే తెలుసు.

పదకొండేళ్ల ఆదివారాల్లో మొదటిసారి ఆమె పరదా తప్పించుకుని ముందు గదిలోకి వచ్చింది. కొంగు నెత్తిన సరిచేసుకుంది. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"నేనే తీసేసినా," అంది. "వాననంతా. నా చేత్తో. మూడు దినాలు."

కరీం సాబ్ ముఖం గొంతు వచ్చిన వైపు తిరిగింది. "నేను మచ్చలని చెప్పినా రంజానూ. తప్పు నాది."

"నీకు కండ్లు కనపడవు. నాకు కనపడతాయి గదా."

"పోనీ బీబమ్మా," అన్నాడు తిప్పయ్య. "ఇంగా రెండు ఉండాయి గదా నా దగ్గర."

"ఏముండాయి? నందిని వాళ్లు చూడందా? తల్లి ఫొటో ఎవరి దగ్గర లేదు? నిన్ను పనికి పెట్టుకునేది ఇది చూసే. నువ్వూ ఎరుగుదువు, నేనూ ఎరుగుదును."

మిల్లు మూసిన తర్వాత అతనికి వేరే దారి ఏమీ లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఊళ్లో అతని తండ్రి అప్పుడే రెండు ఎద్దుల్లో ఒకదాన్ని సంతకు తోలాడు.

ఆమె ప్రింటును గాజు కింది నుంచి తీసి కిటికీ వెలుతురులో వాల్చి చూసింది. తర్వాత, తనలో తను అనుకున్నట్టు, "బంకనీళ్ల సిరా," అంది. "బంక నీళ్లకు కరుగుతాది."

"తడిపితే కాగితం ఉబ్బుతాదమ్మా," అన్నాడు శ్రీరంగప్ప. "పైపొర చిరిగితే ఉన్నదీ పోతాది."

"పోతే నా మీద వెయ్యండి."

వెనక గదిలోకి వాళ్లను ఆమే పిలిచింది. బిందె అడుగున మిగిలిన తాగే నీళ్లు ఒక పింగాణీ సాసరులోకి వంచింది. చీపురుపుల్ల కొసకు దూది చుట్టి, తడిపి, నీళ్లు కారకుండా వేళ్ల మధ్య పిండింది. కుంచెను పెదవులతో సన్నం చేసే అలవాటున ఆ దూదిని కూడా నోటి దగ్గరికి తెచ్చి, ఆగి, సిగ్గుపడింది. నవ్వుతున్న ఆమె చెంప మీద మొదలుపెట్టింది. ఒక్కసారి కాదు, అద్ది తీసింది, అద్ది తీసింది. దూది కొస బూడిదరంగయింది. చెంప మీద తెల్లటి దారం పోగంత గీత తేలింది.

"వచ్చింది," అన్నాడు సుబ్బన్న, ముందుకు వంగి.

"ఆ నోరు మూసుకో. ఊపిరి కాగితం మీద పడతాది," అన్నాడు శ్రీరంగప్ప.

గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. కిటికీ వెలుతురు పలక మీద నుంచి నేల మీదికి జరుగుతుంటే పలకను దాని వెంట జరిపారు. సుబ్బన్న విసనకర్రతో తడి ఆరేలా మెల్లగా విసిరాడు. శ్రీరంగప్ప భూతద్దం పట్టాడు. ఆమె పక్కన తిప్పయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎక్కడ అద్దాలో అతనే చెప్పాలి. ఆమె తీసినవాటిలో వాన ఏదో, నిజంగా దుమ్ము ఏదో తెలిసినవాడు అతనొక్కడే.

"ఇదప్పా?"

"చినుకే."

"ఇది?"

"అదీ చినుకే. కొంచెం లావుగా వచ్చింది, చూరు నుంచి కారింది."

"ఇది?"

అతను వంగి చూశాడు. "ఇది కాదు బీబమ్మా. ఇది దుమ్ము. దీని మీది సిరా ఉండనీ."

ఆమె దూదిని వెనక్కు తీసుకుంది. ఇన్నేళ్లూ చుక్క కనిపిస్తే చాలు, అది ఏమిటని ఎవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. ఇప్పుడు ప్రతి గీతకూ అడుగుతోంది, అతను చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆ పావుగంటనంతా చెప్పాడు. గోనెసంచివాడి పేరు వీరప్పనీ, అతను తన అరటిపండ్ల బండిని అలాగే వదిలేసి రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డాడనీ, ఆ ముసలాయన నోరు తెరుచుకుని ఆకాశంకేసి చూశాడనీ. ఆమె మొన్న ఆ ముసలాయన నోటి మీద రెండు గీతలు పూడ్చింది. ఇప్పుడు ఆ రెండూ మళ్లీ తేల్చింది. ఆయన నోట్లో వాన పడింది.

ఇంకొంచెం పైకి, ఇంకొంచెం మెల్లగా అని మగవాళ్లు చెబుతుంటే ఆమె చేసింది. మొదట్లో ఆ మాటలకు భుజాలు బిగుసుకున్నాయి. తర్వాత అలవాటయింది. తర్వాత ఆమే, "మాస్టరూ, ఈ గుమ్మం దగ్గర సరిపోయిందా?" అని అడిగింది. శ్రీరంగప్ప భూతద్దంలోంచి చూసి, "ఇంగొక్క అద్దు చాలమ్మా," అన్నాడు. ఆయన బళ్లో పిల్లలతో మాట్లాడే గొంతు కాదది.

కుడి అంచు దగ్గర పని ఆగింది. బుధవారం ఆమె మొదలుపెట్టింది అక్కడే. ఆ రోజు సిరా చిక్కగా కలిపింది, మూడు పూతలు వేసింది. అది కాగితంలోకి ఇంకిపోయింది. ఎంత అద్దినా గీతలు తేలలేదు. ఇంకోసారి అద్దితే పొర లేచేలా ఉంది. బొటనవేలంత వెడల్పున, పైనుంచి కిందిదాకా, ఆ పక్క ఒక్క చినుకు లేదు.

ఆమె దూదిని సాసరులో వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. కళ్లు నిండాయి.

సుబ్బన్న విసనకర్ర ఆపి, చాలాసేపు చూసి, అన్నాడు. "ఎందుకమ్మా బాధపడేది. మన సీమలో వాన ఎప్పుడన్నా అంతా పడిందా? నాగప్ప చేను తడుపుతాది, గట్టు ఇవతల నా చేను వదిలేస్తాది. దేవునికే లేని టచింగు నీకెందుకు?"

శ్రీరంగప్పకు కూడా నవ్వొచ్చింది. తిప్పయ్య నవ్వలేదు. కుడి అంచునే చూస్తున్నాడు.

"నిజంగా అట్లనే పడింది బీబమ్మా," అన్నాడు మెల్లగా. "రోడ్డుకు ఆ పక్క ఒగ చుక్క పడలే. ఆ పక్క అంగళ్లవాళ్లు కుళ్లుకుంటా చూస్తాండ్రి. నేను ఇంతసేపూ మరిచిపోయినా."

ఆమె అతని ముఖంలోకి చూసింది, తన కోసం అబద్ధం చెబుతున్నాడేమోనని. చెప్పడం లేదు.

ప్రింటును రెండు దళసరి కాగితాల మధ్య పెట్టి, నీడలో ఆరబెట్టి, మళ్లీ గాజు కింద పరిచారు. కరీం సాబ్ వచ్చి వేళ్లతో గాజును తడిమాడు. సుద్ద చేతులు మారింది. శ్రీరంగప్ప గుర్తు పెట్టలేదు. సుబ్బన్న పెట్టలేదు. తిప్పయ్య తన వంతు వచ్చినప్పుడు సుద్దను రంజాన్ బీ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గాజు పక్కన పెట్టేసింది.

స్టేషనుకు ఆమె పోలేదు. సుబ్బన్న సైకిలు మీద సంచీ పెట్టుకుని ముందు నడిచాడు. అట్టపెట్టెను తిప్పయ్య రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, పసిబిడ్డను తీసుకుపోయినట్టు తీసుకుపోయాడు. వీధి మలుపు దగ్గర వెనక్కు తిరిగి చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యి ఎత్తబోయింది. అప్పటికే జట్కా ఒకటి అడ్డం వచ్చింది.

రెండు వారాలకు కార్డు వచ్చింది. ఆమే చదివింది, ఎవరినీ పిలవకుండా, కిటికీ కింద. పనిలో పెట్టుకున్నారట. నందిని పక్కన పడేసి, వాన ఫొటోను స్టూడియో దొర చాలాసేపు చూశాడట. కుడి పక్క వాన ఎందుకు లేదని అడిగితే, మా పక్క అంతే సార్ అని చెప్పాడట. దొర నవ్వి, అక్కడ టచింగ్ చేసింది ఎవరని అడిగాడట. బీబమ్మ అని చెప్పినా, అని రాశాడు. ఇక్కడ నీళ్లు చల్లగా ఉండాయి, నెగటివ్‌లు కరగవు, అని కూడా రాశాడు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి పరదాను పక్కకు కట్టేశారు. బల్ల దగ్గర ఆమెకూ ఒక స్టూలు వేశారు. కొత్త ప్రింటు చేతికి వచ్చినప్పుడల్లా ఆమె కుంచె ముంచేముందు, "ఇది ఏమప్పా?" అని అడిగేది. మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్లూ అడగడం నేర్చుకున్నారు. మరుసటి ఏడు హిందూపురంలో ముంగారు బాగానే పడింది. సుబ్బన్న గొడుగు కింద నిలబడి ఒక రోలు అంతా తీశాడు. అందులో ఒక్కటీ సరిగా రాలేదు. ఆమె ఒక్కోదాని మీదా సుద్దతో నాలుగేసి గుర్తులు పెట్టింది.

తిప్పయ్య మొదట నెలకో కార్డు రాసేవాడు, తర్వాత పండుగకో కార్డు. తల్లిదండ్రులను అక్కడికే పిలిపించుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు. తనే ఒక స్టూడియో పెట్టుకున్నాడు. వస్తా వస్తా అని ప్రతి కార్డులోనూ రాశాడు. 1961 జూన్ 25, ఆదివారం సాయంత్రం రైలెక్కిన తిప్పయ్య హిందూపురానికి మళ్లీ రాలేదు. ఆ రోజు పారబొయ్యకుండా కిటికీ గట్టు మీద పెట్టిన పింగాణీ సాసరులో నీళ్లు ఎండిపోయి, అడుగున వాన మీది సిరా పలుచగా, బూడిదరంగులో, గోటితో గీకినా పోనంత గట్టిగా అంటుకుని ఉంది.